పెండ్లి మిక్సింగా, యూట్యూబా, హైదరాబాద్ ఉద్యోగమా: ఎవరికి ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్?

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు చదువుకుంటూ వీడియో ఎడిటింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఏ సాఫ్ట్‌వేర్ బెస్ట్?" దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు. ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లది ఒక దారి. కాలేజీ చదువు కోసం కొన్న మామూలు లాప్‌టాప్ ఉన్నవాళ్లది ఇంకో దారి. పెండ్లిళ్ల సీజన్‌లో స్టూడియోలో కూర్చొని ఖర్చులకు సంపాదించుకుందామనుకునేవాళ్లది పూర్తిగా వేరే దారి.

నేను నల్గొండలో డిగ్రీ చదువుతూ ఫోన్ మీద మొదలుపెట్టాను. తర్వాత లాప్‌టాప్ మీదికి వచ్చాను. సెలవుల్లో గడియారం సెంటర్ దగ్గర ఒక స్టూడియోలో మిక్సింగ్, అంటే పెండ్లి వీడియోల ఎడిటింగ్ పని నేర్చుకున్నాను. ఇన్ని సాఫ్ట్‌వేర్లు చేతిలో పట్టాక నాకు గట్టిగా అనిపించేది ఇది: మీ దగ్గర ఉన్న మెషీన్ ఏది, మీకు పని ఇచ్చేవాళ్లు ఎవరు, స్క్రీన్ మీద తెలుగు సరిగ్గా వస్తుందా అనే మూడు విషయాలు తేలితే సాఫ్ట్‌వేర్ దానంతట అదే తేలిపోతుంది.

## ముందు మెషీన్ సంగతి

లాప్‌టాప్ కొనేటప్పుడు అందరం ప్రాసెసర్ పేరే చూస్తాం. ఎడిటింగ్‌కు దానితోపాటు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, విడిగా ఉండే గ్రాఫిక్స్ కార్డ్ కూడా చూడాలి. 4 జీబీ ర్యామ్ ఉంటే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ల ఆలోచన మానుకుని ఫోన్ మీదే పని చేసుకోవడం మంచిది. 8 జీబీ ఉంటే తేలికపాటి సాఫ్ట్‌వేర్లు నడుస్తాయి. 16 జీబీ, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ ఉంటే దేనికీ వెనకాడక్కర్లేదు.

చాలామందికి అర్థంకానిది ఇంకొకటుంది. సినిమా ఫైల్ హాయిగా ప్లే అయ్యే లాప్‌టాప్‌లో, ఫోన్‌తో తీసిన చిన్న క్లిప్ టైమ్‌లైన్ (క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీ) మీద వేయగానే ఆగి ఆగి నడుస్తుంది. ఫోన్లు జాగా ఆదా కోసం వీడియోను హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో గానీ, ఇంకా గట్టిగా కుదించే హెచ్.265లో గానీ దాస్తాయి. ఇందులో ప్రతి ఫ్రేమ్ పూర్తి బొమ్మగా ఉండదు. ముందు వెనక ఫ్రేములతో పోలిస్తే మారినదాన్ని మాత్రమే రాసిపెట్టుకుంటుంది. వరుసగా ప్లే చేస్తే ఇబ్బంది లేదు. మనం మాత్రం ఎడిటింగ్‌లో ముందుకూ వెనక్కీ గెంతుతూనే ఉంటాం. అలా గెంతినప్పుడల్లా ఆ ఒక్క ఫ్రేమ్ చూపించడానికి కంప్యూటర్ చుట్టుపక్కల ఫ్రేములన్నీ విప్పుకోవాల్సి వస్తుంది.

దీనికి మందు ప్రాక్సీ. అసలు క్లిప్పులకు చిన్న సైజు నకళ్లు చేసుకుని వాటి మీద కట్ చేస్తాం. చివరికి పూర్తి వీడియోగా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేరే అసలు క్లిప్పులు పెట్టుకుంటుంది. కింద చెప్పబోయే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు రిజాల్వ్, ప్రీమియర్, ఎడియస్, కేడెన్‌లైవ్, షాట్‌కట్ అన్నింటిలోనూ ఈ సౌకర్యం ఉంది. దీన్ని వాడటం వస్తే పాత లాప్‌టాప్ కూడా పనికొస్తుంది. కొత్తది కొనివ్వమని ఇంట్లో అడిగే ముందు ఇది చేసి చూడండి.

ఫోన్ క్లిప్పులతో ఇంకో చిక్కు కూడా ఉంటుంది. వెలుతురును బట్టి ఫోన్ తన ఫ్రేమ్ రేటును (సెకనుకు ఎన్ని ఫ్రేములు అన్నది) తానే మార్చుకుంటుంది. పొడవైన ఇంటర్వ్యూలో మొదట్లో పెదాలూ మాటా కలిసే ఉంటాయి, చివరికొచ్చేసరికి విడిపోతాయి. క్లిప్‌ను ముందుగా హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకుంటే ఈ బాధ పోతుంది.

## తెలుగు అక్షరాల పరీక్ష

ఇంగ్లిష్‌లో ఉండే పోలికల్లో ఈ సంగతి కనిపించదు. మనకు మాత్రం దాదాపు ప్రతి వీడియోలో పెండ్లికొడుకు పేరో, జాతర పేరో, పాటలో ఒక చరణమో తెలుగులో రావాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి అక్షరం పక్కన పడతాయి. అందుకే ఏది ఇన్‌స్టాల్ చేసినా మొట్టమొదట టైటిల్ పెట్టె తెరిచి "రాష్ట్రం", "లక్ష్మి", "స్వాతంత్ర్యం" అని టైప్ చేసి చూడండి. "రాష్ట్రం"లో ష కింద ట ఒత్తు, దానికి ర ఒత్తు రెండూ సరిగ్గా కూర్చుంటే ఆ సాఫ్ట్‌వేర్‌తో తెలుగుకు ఢోకా లేదు.

ప్రీమియర్ ప్రోలో ఒత్తులు విడిపోయి కనిపిస్తే కంగారు పడొద్దు. ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ అనే విభాగంలోకి వెళ్లి, టెక్స్ట్ ఇంజిన్ దగ్గర సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ ఎంచుకుంటే సర్దుకుంటుంది. రిజాల్వ్‌లో మాత్రం మీ దగ్గరున్న వెర్షన్‌లో పరీక్షించాకే నమ్మండి. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెలుగు మొండికేస్తే చేసే పని ఒకటే: ఫోన్‌లో పిక్సెల్‌ల్యాబ్‌లోనో, కంప్యూటర్‌లో ఫోటోషాప్‌లోనో పేరు రాసుకుని, వెనక ఏ రంగూ లేకుండా పీఎన్‌జీగా సేవ్ చేసి టైమ్‌లైన్ మీద పెట్టేయడం.

ఫాంట్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ (ఫోన్లు, వెబ్‌సైట్లు అన్నీ వాడే ప్రామాణిక అక్షర పద్ధతి) ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పెద్ద టైటిల్‌కు రామభద్ర నిండుగా ఉంటుంది. కింద వచ్చే చిన్న అక్షరాలకు మండలి చదవడానికి హాయి. స్టూడియోల్లో, డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లు వాడతారు. అవి యూనికోడ్ కావు కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన పేర్లను కాపీ చేసి పెడితే గజిబిజి గుర్తులు వస్తాయి. ఆ పేర్లను అక్కడ మళ్లీ టైప్ చేయాల్సిందే.

## ఫోన్ మీద: వీఎన్, కైన్‌మాస్టర్, ఇన్‌షాట్

లాప్‌టాప్ లేదని ఆగిపోవద్దు. కట్ ఎక్కడ పడాలో, పాట దెబ్బకు షాట్ ఎలా మారాలో ఫోన్ మీద కూడా నేర్చుకోవచ్చు.

మూడింటిలో నా ఓటు వీఎన్‌కు. ఉచితంగానే వాటర్‌మార్క్ లేకుండా ఎక్స్‌పోర్ట్ అవుతుంది. ఒకదాని మీద ఒకటి లేయర్లు పెట్టుకోవచ్చు, కీఫ్రేములు (సైజు, స్థానం ఎక్కడి నుంచి ఎక్కడికి మారాలో పెట్టే గుర్తులు) ఉన్నాయి, వేగాన్ని వంపుగా మార్చే స్పీడ్ కర్వ్ ఉంది. ఇక్కడ అలవాటైన కీఫ్రేమ్ ఆలోచన రేపు రిజాల్వ్‌లోనూ ప్రీమియర్‌లోనూ అలాగే పనికొస్తుంది. కైన్‌మాస్టర్ కొరియా కంపెనీది. లేయర్లకు, పచ్చ తెర తీసేసి వెనక వేరే బొమ్మ పెట్టే క్రోమా కీకి బాగుంటుంది. ఉచిత వెర్షన్‌లో దాని ముద్ర వీడియో మీద పడుతుంది, తీసేయాలంటే డబ్బు కట్టాలి. ఇన్‌షాట్ రీల్స్‌కు, స్టేటస్‌లకు చాలు. అంతకుమించి నేర్చుకోవడానికి దానిలో పెద్దగా లేదు.

క్యాప్‌కట్ పాఠాలు యూట్యూబ్‌లో కుప్పలుగా కనిపిస్తాయి. అది ఇండియాలో అధికారికంగా అందుబాటులో లేదు. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఒకప్పుడు మన దగ్గర అందరూ వాడిన వివావీడియో కూడా ఉంది. ఇలాంటివాటి కోసం, వాటర్‌మార్క్ లేని కైన్‌మాస్టర్ కోసం టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే మోడ్ ఫైళ్లను దయచేసి వేసుకోవద్దు. అదే ఫోన్‌లో మీ యూపీఐ ఉంటుంది, ఇంట్లోవాళ్ల బ్యాంకు మెసేజ్‌లు ఉంటాయి. ఎవరో విప్పి మళ్లీ కట్టిన యాప్‌కు గ్యాలరీ అనుమతి ఇవ్వడం అంత చిన్న విషయం కాదు.

## మామూలు లాప్‌టాప్ మీద: షాట్‌కట్, కేడెన్‌లైవ్

రెండూ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. వాటర్‌మార్క్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, లోపల ఏదీ తాళం వేసి ఉండదు. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తాయి. రెండింటికీ లోపలి ఇంజిన్ ఎంఎల్‌టీ అనే ఒకే ఫ్రేమ్‌వర్క్. 8 జీబీ ర్యామ్‌తో, గ్రాఫిక్స్ కార్డ్ లేకుండా ఉన్న కాలేజీ లాప్‌టాప్‌కు నేను మొదట చెప్పేది వీటినే.

షాట్‌కట్ తొందరగా వంటబడుతుంది. ప్లేహెడ్ (టైమ్‌లైన్ మీద కదిలే గీత) ఉన్నచోట ఎస్ నొక్కితే క్లిప్ తెగుతుంది, అంతే. కేడెన్‌లైవ్‌లో టైమ్‌లైన్ పని ఇంకా పకడ్బందీగా ఉంటుంది, బిన్‌లు (క్లిప్పులు దాచుకునే ఫోల్డర్లు), ట్రాక్‌లు పెద్ద సాఫ్ట్‌వేర్ల పద్ధతిలోనే ఉంటాయి. ముందుముందు రిజాల్వ్‌కో ప్రీమియర్‌కో మారాలనుకుంటే కేడెన్‌లైవ్ మంచి మెట్టు. వీటి లోటు కూడా చెప్పాలి: ఇవి వచ్చని చెబితే ఏ స్టూడియో అయినా "ఎడియస్ వచ్చా?" అనే తిరిగి అడుగుతుంది. నేర్చుకోవడానికి, సొంత ఛానల్‌కు ఇవి బాగుంటాయి. ఉద్యోగం దగ్గర వీటి పేరు పనిచేయదు.

## డావిన్చి రిజాల్వ్: ఉచితంగా దొరికే పెద్ద బడి

ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2009లో డావిన్చి సిస్టమ్స్‌ను కొన్నది. అంతకుముందు డావిన్చి అంటే సినిమాల కలర్ కరెక్షన్‌కు వాడే ఖరీదైన యంత్రం. ఇప్పుడు అదే వంశం సాఫ్ట్‌వేర్ విద్యార్థికి ఉచితంగా దొరుకుతోంది. ఉచిత వెర్షన్‌లో 4కే యూహెచ్‌డీ, సెకనుకు 60 ఫ్రేముల వరకు వాటర్‌మార్క్ లేకుండా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. కట్, ఎడిట్, గ్రాఫిక్స్‌కు ఫ్యూజన్, రంగులకు కలర్, సౌండ్‌కు ఫెయిర్‌లైట్, బయటికి పంపడానికి డెలివర్, ఇలా ఒక్కో పనికి ఒక్కో పేజీ. స్టూడియో వెర్షన్ ధర 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు.

దీని అసలు బలం రంగుల్లో తెలుస్తుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో తీసిన క్లిప్ ఏదైనా తీసుకోండి. బయట మండే ఎండ, లోపల చీకటి. గర్భగుడి గోడ మీద రోజంతా నిలిచే ఆ స్తంభపు నీడే అక్కడి విశేషం. ఫోన్‌తో తీస్తే గోడ, నీడ రెండూ ఒకే నలుపులో కలిసిపోతాయి. మొత్తం బ్రైట్‌నెస్ పెంచితే వాకిలి దగ్గర వెలుగు పూర్తిగా తెల్లబడిపోతుంది. రిజాల్వ్ కలర్ పేజీలో ఒక నోడ్‌తో (రంగుల మార్పులో ఒక్కో మెట్టు) మొత్తం ఎక్స్‌పోజర్ సరిచేసి, రెండో నోడ్‌లో గోడ చుట్టూ ఒక విండో గీసి, ఆ భాగం వరకే లిఫ్ట్ (నల్లటి భాగాలు), గామా (మధ్యస్థ వెలుతురు) కొద్దిగా పైకి లాగితే నీడ అంచు గోడ నుంచి విడిపడుతుంది. పక్కన వేవ్‌ఫామ్ అనే వెలుతురు గ్రాఫ్‌లో నల్లటి భాగం అడుగుకు అంటుకుపోయిందా, పైభాగం పగిలిపోయిందా అని కళ్లతో చూస్తూ చేయొచ్చు. ఈ పని ఒక్కసారి చేస్తే ఎక్స్‌పోజర్ గురించి ఎన్ని వీడియోలు చూసినా అర్థం కానిది అర్థమవుతుంది.

చీకట్లో తీసినదాన్ని పైకి లాగితే గింజలు గింజలుగా నాయిస్ బయటపడుతుంది. దాన్ని తగ్గించే నాయిస్ రిడక్షన్ ఉచిత వెర్షన్‌లో లేదు. రాత్రి బారాత్‌లు, జాతరలు ఎక్కువగా తీసేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

నేర్చుకునేవాళ్లకు ఇంకో పెద్ద మేలు ఉంది. కంపెనీ తన వెబ్‌సైట్‌లో పాఠ్య పుస్తకాల పీడీఎఫ్‌లు, వాటితో సాధన చేయడానికి ఫుటేజ్ రెండూ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా తీసిన వీడియో లేనివాళ్లకు ఆ ఫుటేజే బంగారం. ఇంగ్లిష్‌లో ఉన్నా భాష సులువుగానే ఉంటుంది, బొమ్మలు చూస్తూ నడిచిపోవచ్చు.

దీని ఇబ్బందంతా మెషీన్ దగ్గరే. 16 జీబీ ర్యామ్, విడి గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే ఫ్యూజన్ పేజీ తెరవగానే లాప్‌టాప్ చేతులెత్తేస్తుంది. కట్టింగ్ వరకు ప్రాక్సీలతో నెట్టుకురావచ్చు. లైనక్స్ వాడేవాళ్లకు ఇంకో హెచ్చరిక: ఉచిత వెర్షన్ లైనక్స్‌లో హెచ్.264 ఫైళ్లను తీసుకోదు. అంటే ఫోన్ వీడియోలు నేరుగా రావు.

## ఎడియస్: మన ఊళ్లలో నడిచే పని

మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, కల్వకుర్తి... ఏ ఊరి ఫోటో స్టూడియోకైనా వెళ్లి మిక్సింగ్ రూమ్‌లోకి తొంగి చూస్తే మీకు ఎక్కువగా కనిపించేది ఎడియస్. యూట్యూబ్‌లో ఎవరూ దీని గురించి ఊదరగొట్టరు. మన దగ్గర పెండ్లి పని మాత్రం దీని మీదే నడుస్తుంది. జపాన్ కంపెనీ కనోపస్ తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్ తర్వాత గ్రాస్ వ్యాలీ చేతికి వచ్చింది. విండోస్ మీద మాత్రమే నడుస్తుంది.

ఎందుకింత పట్టు? పెండ్లి పని తీరు చూస్తే తెలుస్తుంది. ఎదుర్కోలు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, బారాత్, అన్నీ కలిపి ట్రెడిషనల్ వీడియో కొన్ని గంటలు ఉంటుంది. రెండు కెమెరాలు, ఒక డ్రోన్, మధ్యలో చుట్టాలబ్బాయి ఫోన్‌తో తీసిన క్లిప్. వాటన్నింటి ఫార్మాట్లు వేరు, ఫ్రేమ్ రేట్లు వేరు. ఎడియస్ వీటిని ఒకే టైమ్‌లైన్ మీద కలిపి రెండర్ (ముందుగా లెక్కకట్టి ఫైల్ తయారుచేయడం) కోసం ఆగకుండా ప్లే చేయడంలో పేరు తెచ్చుకుంది. మరీ మొరాయించే క్లిప్పులను దాని సొంత హెచ్‌క్యూఎక్స్ కోడెక్ (వీడియోను దాచే పద్ధతి)లోకి మార్చుకుంటే నున్నగా నడుస్తాయి.

స్టూడియోలో పక్కన కూర్చొని చూస్తే పని వేగం అర్థమవుతుంది. ఎడమ చెయ్యి కీబోర్డ్ మీదినుంచి లేవదు. సీ నొక్కితే కట్, అక్కర్లేని ముక్క తీసేయడం, మళ్లీ సీ. తలంబ్రాల దగ్గర ఇద్దరి ముఖాలూ కనిపించే షాట్ వదలరు. పంతులు మంత్రం మధ్యలో కట్ చేయరు. పెద్దవాళ్లు అక్షింతలు వేసేటప్పుడు ఏ ఒక్కరినీ తీసేయరు, ఎందుకంటే పెన్‌డ్రైవ్ ఇంటికి వెళ్లాక ప్రతి చుట్టం తన ముఖం కోసమే చూస్తాడు. ఈ పద్ధతి ఏ కోర్సులోనూ చెప్పరు. ఎడియస్ నేర్చుకోవడమంటే సగం ఇది నేర్చుకోవడమే.

లోటు ఏమిటంటే గ్రాఫిక్స్‌లోనూ రంగుల్లోనూ ఇది రిజాల్వ్ అంత లోతు పోదు. ఇప్పుడు క్యాండిడ్, సినిమాటిక్ పనులు అడిగే పార్టీలు పెరిగాయి. ఆ వీడియోలను చాలా స్టూడియోలు ప్రీమియర్‌కో రిజాల్వ్‌కో పంపుతున్నాయి. సొంతంగా కొనడం విద్యార్థికి బరువు. అందుకని కొనొద్దు. సీజన్‌లో మనుషులు దొరక్క స్టూడియోవాళ్లు ఇబ్బంది పడతారు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం ముహూర్తాలు మొదలయ్యే ముందు వెళ్లి అడిగితే వాళ్ల సిస్టమ్ మీదే నేర్చుకోవచ్చు.

## ప్రీమియర్ ప్రో: హైదరాబాద్ వైపు చూసేవాళ్లకు

అడోబ్ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇది. 1991లో ప్రీమియర్‌గా మొదలై, 2003లో ప్రీమియర్ ప్రో అయింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో, హైదరాబాద్ డిజిటల్ ఛానళ్లలో, ఏజెన్సీల్లో ఎడిటర్ ఉద్యోగమంటే దీనితోపాటు ఆఫ్టర్ ఎఫెక్ట్స్, ఫోటోషాప్ కూడా అడగడం మామూలు. వాటి మధ్య ఫైళ్లు నేరుగా కదలడమే దీని బలం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో లోగో రంగు మారిస్తే ఇక్కడ టైమ్‌లైన్‌లో కూడా మారుతుంది, మళ్లీ రెండర్ చేయక్కర్లేదు.

ఖర్చు మాత్రం ఆగదు. ఇది నెలనెలా కట్టే చందా. విద్యార్థులకు తగ్గింపు ఉంది. కట్టడం ఆపితే మీ పాత ప్రాజెక్టులు కూడా తెరుచుకోవు. చదువు మొదటి ఏడాది నుంచే కట్టడం నా దృష్టిలో దండగ. చివరి సెమిస్టర్‌లో ఇంటర్వ్యూలకు ముందు ఒకట్రెండు నెలలు తీసుకుంటే చాలు. క్రాక్ వేసుకోవడం మన దగ్గర మామూలైపోయింది, తెలుసు. క్రాక్ వేయడానికి యాంటీవైరస్ ఆపమంటారు. స్టూడియో కంప్యూటర్‌లో అలా ఆపితే ఆ హార్డ్‌డిస్క్‌లో ఉన్న పది ఇండ్ల పెండ్లిళ్లు ప్రమాదంలో పడతాయి. ఆ వీడియోలు మళ్లీ తీయలేం.

ఫైనల్ కట్ ప్రో గురించి ఒక మాట: మ్యాక్ ఉంటే మంచిదే. మ్యాక్ లేకపోతే ఆ ఆలోచనే అక్కర్లేదు. ఫిల్మోరా సులువుగా ఉంటుంది కానీ డబ్బు కట్టకపోతే వాటర్‌మార్క్ పడుతుంది. కట్టే డబ్బే ఉంటే నేను ఇంకో ఎస్‌ఎస్‌డీ కొంటాను.

## ఒక్క చూపులో

| సాఫ్ట్‌వేర్ | ఎక్కడ | ఖర్చు | తెలుగు టైటిళ్లు | ఎవరికి |
|---|---|---|---|---|
| వీఎన్ | ఫోన్ | ఉచితం, వాటర్‌మార్క్ లేదు | పీఎన్‌జీ పెట్టుకుంటే నిశ్చింత | ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు |
| షాట్‌కట్, కేడెన్‌లైవ్ | 8 జీబీ లాప్‌టాప్ | ఉచితం | యూనికోడ్ ఫాంట్లతో చేయొచ్చు | సొంత ఛానల్, కాలేజీ ప్రాజెక్టులు |
| రిజాల్వ్ | 16 జీబీ, గ్రాఫిక్స్ కార్డ్ | ఉచితం. స్టూడియో 295 డాలర్లు | మీ వెర్షన్‌లో పరీక్షించాలి | రంగులు, పాటలు, షార్ట్ ఫిల్ములు |
| ఎడియస్ | విండోస్, స్టూడియో సిస్టమ్ | కొనాలి | ఫోటోషాప్ పీఎన్‌జీ వాడుక | పెండ్లి మిక్సింగ్ |
| ప్రీమియర్ ప్రో | 16 జీబీ ఉంటే మేలు | నెలనెలా చందా | సెట్టింగ్ మారిస్తే సరి | హైదరాబాద్ ఉద్యోగం |

## మీరు ఎవరైతే

జానపద పాటలు తీసి యూట్యూబ్‌లో పెట్టే బృందంతో తిరుగుతున్నారా? రిజాల్వ్ తీసుకోండి. ఆ పాటల్లో చెలకలు, చెరువు గట్లు, పసుపు ఎరుపు చీరలు ఉంటాయి. ఆ రంగులు నిలబడటమే వీడియోకు ప్రాణం. పొద్దున తీసిన షాట్‌ను సాయంత్రం షాట్‌తో కలపడం రోజూ ఉండే పని, అది రిజాల్వ్‌లో వచ్చినంత బాగా ఇంకెక్కడా రాదు.

ఊళ్లోనే ఉండి చదువుకుంటూ సంపాదించాలా? ఇంట్లో కేడెన్‌లైవ్, స్టూడియోలో ఎడియస్. ఈ జోడీకి చేతినుంచి పైసా పోదు. హైదరాబాద్‌లో ఉద్యోగమే లక్ష్యమైతే రెండేళ్లు రిజాల్వ్‌లో పని నేర్చుకుని, చివర్లో ప్రీమియర్‌కు మారండి. పాలమూరు యూనివర్సిటీలోనో మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో ఫెస్ట్ వీడియో, ప్రాజెక్ట్ వీడియో వరకే అయితే వీఎన్ చాలు, లాప్‌టాప్ కూడా అక్కర్లేదు.

ఒకటి నేర్చుకుంటే ఇంకొకటి రాదేమో అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లన్నింటిలో జే, కే, ఎల్ కీలు వెనక్కి, ఆపు, ముందుకు. ఐ నొక్కితే మొదలు, ఓ నొక్కితే ముగింపు. వేరేగా ఉండేది ఎక్కువగా కట్ కీ: ఎడియస్‌లో సీ నొక్కగానే తెగుతుంది, ప్రీమియర్‌లో సీ నొక్కితే బ్లేడు చేతికొస్తుంది, రిజాల్వ్‌లో ఆ బ్లేడు బీ మీద ఉంటుంది. రిజాల్వ్ కీబోర్డ్ సెట్టింగుల్లో ప్రీమియర్ అమరికను ఎంచుకునే వీలుంది. హైదరాబాద్ వెళ్లాలనుకునేవాళ్లు మొదటి రోజే ఆ అమరిక పెట్టుకుని సాధన చేస్తే, ప్రీమియర్ ముందు కూర్చున్నప్పుడు వేళ్లకు కొత్త ఉండదు.